గది వాళ్లదే, పద్దూ వాళ్లదే

1958లో బెర్రీ గోర్డీ చేతికి 3 డాలర్ల 19 సెంట్ల చెక్కు వచ్చింది. మిరకిల్స్ అనే డెట్రాయిట్ బృందం చేత తాను పాడించిన ‘గాట్ ఎ జాబ్’ పాటకు న్యూయార్క్‌లోని ఎండ్ రికార్డ్స్ కంపెనీ కట్టిన లెక్క అది. గోర్డీ అప్పటికే బాక్సింగ్‌లో దిగి మానేశాడు. జాజ్ రికార్డుల కొట్టు పెట్టి మూసేశాడు. లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో వారానికి 86 డాలర్ల 40 సెంట్ల జీతానికి పనిచేసి, ఆ ఉద్యోగమూ వదిలేశాడు. గాయకుడు జాకీ విల్సన్‌కు రాసిచ్చిన పాటలు హిట్టయ్యాయి గానీ వాటి మీద అసలు డబ్బు చేసుకున్నది వేరేవాళ్లు. మిరకిల్స్ ప్రధాన గాయకుడు స్మోకీ రాబిన్సన్‌కు అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఆ చెక్కు చూసి, ఇంకొకరికి చేసిపెట్టే బదులు సొంతంగా కంపెనీ పెట్టుకోమని గోర్డీని పోరాడు.

గోర్డీ కుటుంబంలో అందరూ నెలనెలా కొంత వేసి కూడబెట్టే ఉమ్మడి నిధి ఒకటుండేది. 1959 జనవరి 12న అందులోంచి 800 డాలర్లు అప్పు తీసుకుని గోర్డీ టామ్లా అనే లేబుల్ మొదలుపెట్టాడు. మోటౌన్ పేరు ఆ తర్వాత వచ్చింది. తొలి రికార్డు, మార్వ్ జాన్సన్ పాడిన ‘కమ్ టు మీ’, డెట్రాయిట్‌లోనే యునైటెడ్ సౌండ్ అనే అద్దె స్టూడియోలో తయారైంది. అద్దె స్టూడియోలో మీటరు తిరుగుతూనే ఉంటుంది. గాయని గొంతు సవరించుకున్నా, డ్రమ్మర్ ఆలస్యంగా వచ్చినా, బాణీ నచ్చక మళ్లీ మొదలుపెట్టినా డబ్బే. కంపెనీ నిలబడాలంటే ఆ మీటరు తన చేతిలో ఉండాలని గోర్డీ గ్రహించాడు.

అదే ఏడాది వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో 2648 నంబరు ఇల్లు కొన్నాడు. అంతకుముందు అది ఓ ఫొటోగ్రాఫర్ స్టూడియో. ముందు గదులు ఆఫీసయ్యాయి, పైన గోర్డీ కాపురం, వెనక భాగం రికార్డింగ్ గది. గొంతుకు ప్రతిధ్వని కావాలంటే ప్రత్యేక యంత్రం కొనే స్తోమత లేదు కాబట్టి పైకప్పుకు కన్నం పెట్టి అటకనే ప్రతిధ్వని గదిగా మార్చారు. ఇంటి ముందు ‘హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.’ అని బోర్డు పెట్టారు. లోపల సన్నటి గదిలో కప్పు నుంచి వేలాడే కేబుళ్లు చూసి వాద్యకారులు దాన్ని పాముల గొయ్యి అన్నారు. రోజుకు 22 గంటలు అది తెరిచే ఉండేది.

సొంత గది ఉంటే ఏం చేయొచ్చో 1960లోనే తెలిసింది. మిరకిల్స్ పాడిన ‘షాప్ అరౌండ్’ అప్పటికే బజారులోకి వెళ్లిపోయింది. గోర్డీకి నిద్రపట్టలేదు. పాట నెమ్మదిగా ఉందనిపించి తెల్లవారుజామున 3 గంటలకు స్మోకీకి ఫోన్ చేసి, బృందాన్నంతా వెంటబెట్టుకు రమ్మన్నాడు. పియానో వాయించే మనిషి రాకపోతే తనే పియానో ముందు కూర్చున్నాడు. వేగం పెంచి మళ్లీ తీసిన ఆ పాటే మోటౌన్‌కు పది లక్షల కాపీలు దాటిన మొదటి రికార్డు. అద్దె స్టూడియోలో ఆ వేళకు తలుపు తీసేవాళ్లే ఉండరు.

స్టూడియోని సొంతం చేసుకోవడం గోర్డీ కనిపెట్టిన ఉపాయమేమీ కాదు. లండన్‌లో గ్రామఫోన్ కంపెనీ కొత్తగా ఏర్పడిన ఇఎంఐలో భాగమై 1931లోనే ఆబీ రోడ్ స్టూడియో తెరిచింది. న్యూయార్క్‌లో కొలంబియా కంపెనీ 30వ వీధిలోని పాత చర్చిని 1949లో స్టూడియోగా మార్చుకుంది. హాలీవుడ్‌లో కాపిటల్ కంపెనీ 1956లో గుండ్రటి భవనం కట్టి, దాని కింద స్టూడియోలు పెట్టింది. చిన్న కంపెనీల్లో ఇంకా ముందుకు వెళ్లినవాడు సిన్సినాటిలోని సిడ్ నేథన్. ఆయన కింగ్ రికార్డ్స్‌లో పాట పాడించడం, మాస్టర్ డిస్కు కోయడం, డిస్కులు అచ్చొత్తడం, వాటిని లారీలకెక్కించడం అన్నీ బ్రూస్టర్ అవెన్యూలోని ఒకే ఆవరణలో జరిగేవి. పాడేవాడి గొంతు ఒక గుమ్మంలోంచి లోపలికి వెళ్లి ఇంకో గుమ్మంలోంచి సరుకై బయటికొచ్చేది. తన కళాకారుడు జేమ్స్ బ్రౌన్ అపోలో థియేటర్‌లో కచేరీని ప్రేక్షకుల మధ్యే రికార్డు చేద్దామంటే నేథన్ ఒప్పుకోలేదు. 1962లో బ్రౌన్ సొంత డబ్బు 5,700 డాలర్లు పెట్టి రికార్డు చేయించుకున్నాడు. ఆ ఆల్బమ్ అమెరికా పట్టికలో 66 వారాలు నిలిచింది.

లాభం ఎక్కడ పుట్టేదో తెలియాలంటే ఆనాటి ఒప్పందం లోపలికి వెళ్లాలి. కళాకారులకు ప్రతి రికార్డుకూ రాయల్టీగా ధరలో కొంత శాతం రాసి ఇచ్చేవారు. అయితే రికార్డింగ్ ఖర్చంతా ఆ రాయల్టీలోంచి మినహాయించుకున్న తర్వాతే చేతికి పైకం వచ్చేది. వాద్యకారుల కూలి, స్వరాలు కూర్చినవారి ఫీజు, స్వరపత్రాలు రాసినవారి ఫీజు, స్టూడియో గంటలు అన్నీ కళాకారుడి పేరున ఉన్న పద్దులో బాకీగా చేరేవి. బయటి స్టూడియో అయితే ఆ గంటల బిల్లు మూడో మనిషి రాస్తాడు. స్టూడియో కంపెనీదే అయితే బిల్లు రాసేదీ, దాన్ని పద్దులో వేసేదీ, చివరికి ఆ పద్దులోంచి డబ్బు పట్టుకునేదీ ఒకే చెయ్యి. కళాకారుడు తీర్చే బాకీ తిరిగి తిరిగి కంపెనీ జేబుకే చేరుతుంది. ఇలా కళాకారుడి వాటాతో ఖర్చు తీరిన మాస్టర్ టేపు, అంటే పాట అసలు రికార్డింగ్ మీద శాశ్వత హక్కు కూడా కంపెనీదే. విత్తనం, ఎరువు అప్పుగా ఇచ్చి, పంట తానే తూకం వేసి కొనే కమీషన్ వ్యాపారి దగ్గర రైతు లెక్క ఎలా తేలుతుందో గుంటూరు మిర్చి యార్డు చూసినవారికి చెప్పనక్కర్లేదు. ఇక్కడ పొలం కూడా వ్యాపారిదే.

సుప్రీమ్స్ ఉదాహరణ తీసుకుంటే అంకెలు కళ్లకు కడతాయి. 1961 జనవరిలో సంతకం చేసేనాటికి ఈ డెట్రాయిట్ అమ్మాయిలు ఇంకా స్కూలు దాటలేదు. చిల్లర ధరలో 90 శాతం మీద 3 శాతం రాయల్టీ, అదీ పన్నులూ ప్యాకింగూ తీసేశాక అని ఒప్పందంలో ఉందని బృంద సభ్యురాలు మేరీ విల్సన్ తన ఆత్మకథలో రాసింది. 75 సెంట్ల సింగిల్ మీద ఆ వాటా రెండు సెంట్లకు కాస్త ఎక్కువ. అప్పట్లో నలుగురు కాబట్టి తలకు అర సెంటు. లక్ష కాపీలు అమ్ముడైతే కోతలకు ముందే నలుగురికీ కలిపి దాదాపు 2,025 డాలర్లు. రికార్డింగ్ ఖర్చు దీంట్లోంచే పోవాలి. 1964లో ‘వేర్ డిడ్ అవర్ లవ్ గో’ మొదటి స్థానానికి చేరేదాకా వాళ్లు ఎన్ని సింగిల్స్ తీసినా పెద్దగా ఆడలేదు. కంపెనీలో అందరూ వాళ్లను హిట్ లేని సుప్రీమ్స్ అని ఆటపట్టించేవారు. ఆడని ప్రతి పాటకూ బాకీ మాత్రం పెరిగింది.

ఎంత అమ్ముడైందో బయటివాళ్లకు తెలిసే దారి కూడా లేదు. అమెరికా రికార్డు కంపెనీల సంఘం గోల్డ్ రికార్డు ఇవ్వాలంటే కంపెనీ తన లెక్కల పుస్తకాలు తెరిచి చూపాలి. 1960లంతా మోటౌన్ అందుకు దూరంగానే ఉంది. అందుకే ఆ దశాబ్దంలో అమెరికాను ఊపేసిన మోటౌన్ పాటలకు సంఘం వారి బంగారు ముద్ర కనిపించదు.

పాటల ప్రచురణ హక్కులు జోబెట్ అనే సంస్థకు. ఆ పేరు గోర్డీ ముగ్గురు పిల్లలు జాయ్, బెర్రీ, టెర్రీల పేర్లు కలిపి పెట్టింది. కళాకారుల కచేరీలు, వ్యవహారాలు చూసే మేనేజ్‌మెంట్ సంస్థ కూడా గోర్డీదే. అంటే రాయల్టీ చాలడం లేదని గాయని తన మేనేజర్‌తో మొరపెట్టుకుంటే, ఆ మేనేజర్‌కు జీతం ఇచ్చేది రాయల్టీ బాకీపడ్డ యజమానే.

గదిలో అసలు మోత పుట్టించినవాళ్లు ఫంక్ బ్రదర్స్. డెట్రాయిట్ జాజ్ క్లబ్బుల్లోంచి పట్టుకొచ్చిన వాద్యకారులు వీళ్లు. బేస్ గిటార్ మీద జేమ్స్ జేమర్సన్, డ్రమ్స్ మీద బెన్నీ బెంజమిన్, కీబోర్డు మీద ఎర్ల్ వాన్ డైక్, గిటార్ల మీద రాబర్ట్ వైట్, ఎడ్డీ విల్లిస్, జో మెసీనా. తొలి రోజుల్లో పాటకు 5 డాలర్లో 10 డాలర్లో చేతిలో పెట్టేవారు. పాట లక్షల్లో అమ్ముడైనా ఆ పైన పైసా రాదు. రికార్డు అట్ట మీద పేరూ ఉండదు. 1965లో వాన్ డైక్ పేరున ఓ ఆల్బమ్ వచ్చింది. అందులో సంగీతం చాలావరకు అప్పటికే హిట్టయిన పాటల పాత టేపులే. ఆ టేపుల మీద గొంతు ఉండాల్సిన చోట ఆయన ఆర్గాన్ వాయించాడు. టేపు కంపెనీది కాబట్టి ఒకసారి కూలి ఇచ్చిన వాద్యం ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పలికేది.

గది తెరిచి ఉన్నంతసేపూ పిలిస్తే రావాలి. వేరేచోట వాయించకూడదు. అయినా వాయించారు. 1967లో జాకీ విల్సన్ పాడిన ‘హయ్యర్ అండ్ హయ్యర్’ కోసం వీళ్లలో కొందరు గుట్టుగా షికాగో వెళ్లి వచ్చారు. డెట్రాయిట్‌లోనే గోల్డెన్ వరల్డ్ అనే పోటీ స్టూడియోలోనూ వీళ్ల వాద్యమే వినిపించడం మొదలైంది. కొన్నాళ్లకు గోర్డీ ఆ స్టూడియోనే కొని దానికి స్టూడియో బి అని పేరు పెట్టాడు.

ఇంత చెప్పాక రెండో వైపు చూడకపోతే కథ వంకరవుతుంది. నల్లజాతి యువకులకు పెద్ద కంపెనీల తలుపులు తెరుచుకోని దేశంలో, వాళ్ల పేటలోనే, వాళ్ల మనుషులే నడిపే స్టూడియో అది. డిస్కు అచ్చయ్యే ముందు శుక్రవారం ఉదయాల్లో నాణ్యత సమావేశం పెట్టి, జేబులో చివరి డాలరుతో ఈ రికార్డు కొంటారా, శాండ్‌విచ్ కొంటారా అని గోర్డీ అడిగేవాడు. 1961 నుంచి 1971 వరకు 110 మోటౌన్ పాటలు అమెరికా టాప్ టెన్‌లోకి వెళ్లాయి. 1966 నాటికి 450 మంది ఉద్యోగులు, ఏడాదికి 2 కోట్ల డాలర్ల వ్యాపారం. సెక్రటరీగా చేరిన మార్తా రీవ్స్ ఆ ఆఫీసులోంచే మైకు ముందుకు నడిచింది. జేమర్సన్‌కు 1968 నాటికి వారానికి 1,000 డాలర్ల జీతం వచ్చింది. ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్’ పాటను మిరకిల్స్‌తో, మార్విన్ గేతో, గ్లాడిస్ నైట్ బృందంతో మార్చి మార్చి పాడించి చూసేంత తీరిక, గది సొంతమైతే తప్ప ఏ చిన్న కంపెనీకీ దొరకదు. కళాకారులకు నడక, మాట, నాట్యం నేర్పడానికి మ్యాక్సిన్ పావెల్, చాలీ ఆట్కిన్స్ వంటి గురువులను పెట్టింది కూడా మోటౌనే.

ఆ గదిలో పుట్టిన మొదటి హిట్ పేరు ‘మనీ’. 1959లో బారెట్ స్ట్రాంగ్ పాడాడు. తర్వాత బీటిల్స్ కూడా పాడారు. కాపీరైట్ కార్యాలయంలో మొదట రచయితల్లో ఒకడిగా స్ట్రాంగ్ పేరుంది. 1962లో మోటౌన్ ఆ పేరు తీయించింది. 1987లో నమోదు పునరుద్ధరించినప్పుడు పేరు మళ్లీ చేరింది. మరుసటి ఏడాదే మళ్లీ పోయింది. మొదట రాసిందే గుమాస్తా పొరపాటు అని గోర్డీ పక్షం వాదన. ఇదంతా తనకు దశాబ్దాల తర్వాతే తెలిసిందని స్ట్రాంగ్ 2013లో న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పాడు.

గొడవలు త్వరగానే మొదలయ్యాయి. పదిహేడేళ్లకు సంతకం చేసిన గాయని మేరీ వెల్స్‌కు 1964 మే 13న 21 ఏళ్లు నిండాయి. ‘మై గై’ అప్పుడు దేశమంతా మోగుతోంది. మైనరుగా చేసిన సంతకం చెల్లదని కోర్టుకెక్కి, గెలిచి, వేరే కంపెనీకి వెళ్లిపోయింది. స్వేచ్ఛ దొరికింది గానీ ఆ గదిని, ఆ వాద్యకారులను, స్మోకీ బాణీలను వెంట తీసుకెళ్లలేకపోయింది. మళ్లీ ఆ స్థాయి హిట్ రాలేదు. సుప్రీమ్స్‌కు వరుసగా మొదటి స్థానాలు సంపాదించి పెట్టిన పాటల రచయితలు హాలండ్, డోజియర్, హాలండ్ డబ్బు దగ్గర పేచీ వచ్చి పని ఆపేశారు. 1968లో మోటౌన్ వాళ్ల మీద 40 లక్షల డాలర్లకు దావా వేస్తే, వాళ్లు 2 కోట్ల 20 లక్షలకు ఎదురు దావా వేశారు. సుప్రీమ్స్‌ను మొదలుపెట్టిన ఫ్లోరెన్స్ బాలార్డ్‌ను 1967లో బయటికి పంపారు. ఆమె పేదరికం చవిచూసి 32 ఏళ్లకే, 1976లో కన్నుమూసింది.

అన్నదమ్ముల బృందం జాక్సన్ 5 వెళ్లిపోయినప్పుడు ఈ పద్దుల పద్ధతి మరింత బట్టబయలైంది. 1969లో చేరి 1975లో ఆ అన్నదమ్ములు సిబిఎస్ కంపెనీ వైపు నడిచారు. ఆరేళ్లలో వాళ్లు మోటౌన్‌కు 469 పాటలు రికార్డు చేశారని, విడుదలైనవి 174 మాత్రమేనని, మిగిలిన వాటి ఖర్చు కూడా బృందం ఖాతాలోనే పడిందని మైకేల్ జాక్సన్ జీవితచరిత్రకారుడు రాండీ తారాబొరెల్లి రాశాడు. జనం విననే వినని పాటలకు పిల్లలు బాకీపడ్డారన్నమాట. 1980లో రాజీ కుదిరేసరికి జాక్సన్లు 6 లక్షల డాలర్లు చెల్లించారు. జాక్సన్ 5 అన్న పేరు మోటౌన్ దగ్గరే ఉండిపోయింది.

ఇదే కథ సముద్రం అవతల జమైకాలో ఇంకా నగ్నంగా నడిచింది. కాక్సన్ డాడ్ 1963లో కింగ్‌స్టన్‌లోని 13, బ్రెంట్‌ఫర్డ్ రోడ్‌లో స్టూడియో వన్ తెరిచాడు. వాద్యకారులకు వారం జీతం, పాడేవాళ్లకు ఒక్కసారి ఇచ్చే కొద్దిపాటి సొమ్ము. సంగీత దర్శకుడు జాకీ మిట్టూ బృందం వాయించిన వరసలు డాడ్ టేపుల మీద ఉండిపోయాయి, వాటి మీద కొత్త కొత్త గొంతులు చేరాయి. 1960ల చివర్లో పుట్టిన ‘రియల్ రాక్’ అన్న ఒక్క వరస మీదే ఆ తర్వాత వందల పాటలు వచ్చాయి. వైలర్స్ బృందంతో అక్కడే మొదలైన బాబ్ మార్లే 1966లో అమెరికాలోని డెలావేర్ వెళ్లి, అక్కడ పనిచేసి కూడబెట్టిన డబ్బుతో తిరిగొచ్చాడు. బృందం సొంత లేబుల్ పెట్టుకుంది. సొంత స్టూడియో కల నెరవేరడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

మోటౌన్ కట్టును లోపలి నుంచే తెంచినవాడు స్టీవీ వండర్. పదకొండేళ్లకు 1961లో కంపెనీలో అడుగుపెట్టాడు. మేరీ వెల్స్ లాగే అతనూ పుట్టింది మే 13నే. 1971లో 21 నిండాక ఒప్పందం ముగిసింది. ట్రస్టులో దాచిన సొమ్ము దాదాపు 10 లక్షల డాలర్లు చేతికొచ్చింది. అతను వెంటనే ఏ కంపెనీకీ సంతకం చేయలేదు. న్యూయార్క్ వెళ్లి, టోంటో అనే గది నిండే సింథసైజర్‌ను తయారుచేసిన మాల్కమ్ సిసిల్, రాబర్ట్ మార్గులెఫ్‌లతో కలిసి, జిమీ హెండ్రిక్స్ కట్టించిన ఎలక్ట్రిక్ లేడీ స్టూడియో వంటి చోట్ల సొంత ఖర్చుతో పాటలు చేసుకున్నాడు. వాద్యాలు చాలావరకు తనే వాయించాడు. గది అద్దె తనే కట్టాడు కాబట్టి టేపులూ తన చేతిలోనే ఉన్నాయి. వాటితోనే మళ్లీ మోటౌన్‌తో బేరానికి కూర్చున్నాడు. పెరిగిన రాయల్టీ, పాటల ప్రచురణలో వాటా, ఏం పాడాలో తానే తేల్చుకునే హక్కు సంపాదించాడు. 1975లో అదే కంపెనీతో 1 కోటి 30 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అప్పటిదాకా అంత పెద్ద ఒప్పందం లేదని పత్రికలు రాశాయి.

మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ 1971లో వచ్చినప్పుడు ఫంక్ బ్రదర్స్ పేర్లు మోటౌన్ హిట్ ఆల్బమ్ అట్ట మీద మొదటిసారి కనిపించాయి. మరుసటి ఏడాది ఓ రోజు వాళ్లు పనికి వస్తే స్టూడియో తలుపు మీద నోటీసు ఉంది. కంపెనీ లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయింది. కొందరు వెనకే వెళ్లారు. జేమర్సన్ వెళ్లాడు గానీ నిలదొక్కుకోలేదు. 1983లో మోటౌన్ పాతికేళ్ల వేడుక టీవీ కోసం జరిగితే అతను టికెట్టు కొనుక్కుని చూశాడంటారు. ఆ ఆగస్టులోనే చనిపోయాడు. ఫంక్ బ్రదర్స్ కథ మీద సినిమా 2002లో గానీ రాలేదు.

గోర్డీ 1988లో మోటౌన్‌ను ఎంసిఎ కంపెనీకి, ఓ పెట్టుబడి సంస్థకు కలిపి 6 కోట్ల 10 లక్షల డాలర్లకు అమ్మాడు. జోబెట్‌ను మాత్రం అట్టేపెట్టుకుని, 1997లో అందులో సగం వాటాను ఇఎంఐకి 13 కోట్ల 20 లక్షలకు ఇచ్చాడు. మొత్తం కంపెనీ కంటే పాటల హక్కుల్లో సగానికే రెండింతలకు పైగా పలికింది. మోటౌన్ చేతులు మారుతూ యూనివర్సల్ కంపెనీ గొడుగు కిందికి చేరింది. 2012లో ఆబీ రోడ్ కూడా అక్కడికే వచ్చింది. ఈలోగా కొలంబియా 30వ వీధి స్టూడియో మూతపడింది, ఆ తరం కంపెనీలు చాలావరకు సొంత గదులు వదిలించుకున్నాయి. రికార్డింగ్ ఖర్చును కళాకారుడి రాయల్టీలోంచి మినహాయించుకునే షరతు మాత్రం కొత్త ఒప్పందాల్లోకి యథాతథంగా నడిచొచ్చింది. బాకీ తీరని పాత కళాకారుల పాటలు ఇంటర్నెట్‌లో కోట్లసార్లు మోగినా, ఆ డబ్బు పద్దులోనే ఇంకిపోయేది.

2021లో సోనీ కంపెనీ, 2000కు ముందు ఒప్పందం చేసుకుని ఆ తర్వాత ఎలాంటి అడ్వాన్సూ తీసుకోని కళాకారులకు పాత బాకీని పక్కనపెట్టి రాయల్టీ చెల్లిస్తామని ప్రకటించింది. 2022లో వార్నర్, ఆ వెంటనే యూనివర్సల్ అదే దారి పట్టాయి. అర్హత ఉన్న కళాకారులకూ, దగ్గరి వారసులకూ ఇది వర్తిస్తుందని యూనివర్సల్ చెప్పింది. మాస్టర్ టేపుల హక్కు మాత్రం కంపెనీల దగ్గరే ఉంది.